ఇచ్చిన మాట - ఉంచిన సొమ్ము
(ఆలయ ప్రాంగణంలో భక్తులను, దాతలను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



మీరు ఆలయంలో విరాళం సమర్పించినప్పుడు మీ చేతికి ఒక రసీదు వస్తుంది. దానిపై మీ పేరు, గోత్రం, సొమ్ము అంకె ఉంటాయి. వాటి నడుమ ఒక చిన్న మాట ఉంటుంది: 'నిమిత్తం'. అన్నదాన నిమిత్తం, గోసంరక్షణ నిమిత్తం, నిత్యదీప నిమిత్తం. మనం అంకెను సరిచూసుకొని రసీదును మడిచి పెట్టుకుంటాం. ఆ నిమిత్తమనే మాటను మాత్రం చదవం. ధర్మశాస్త్ర దృష్టిలో ఆ రసీదుకు ప్రాణం ఆ మాటే. అంకె ఎంత ఇచ్చారో చెబుతుంది. నిమిత్తం ఆ సొమ్ము ఎవరిని, దేనికి, ఎంతకాలం కట్టి ఉంచుతుందో చెబుతుంది.

నేటి ప్రసంగ విషయం ఇదే. హామీ, పూచీ, కుదువ, వాగ్దానం, మొక్కు, న్యాసం, ధర్మాదాయం అనే మాటలను మనం నిత్యం వాడుతూనే ఉంటాం. అన్నీ నమ్మకానికి సంబంధించినవే కనుక అన్నీ ఒకటే అనుకుంటాం. పెద్దలు అలా అనుకోలేదు. ఒక్కొక్క మాటకు ఒక్కొక్క బరువు ఉన్నదని గ్రహించి, ఆ బరువును బట్టే పేర్లు పెట్టారు. ఏ పేరు కింద మాట ఇస్తున్నామో తెలియక ఇచ్చినవాడు ఒక బరువు ఎత్తుకుంటున్నానని తలచి మరొక బరువు కింద నలుగుతాడు.

మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయం వ్యవహారాలను, అంటే న్యాయస్థానానికి వచ్చే వివాదాలను, పద్దెనిమిది పదాలుగా విభజించింది. అందులో మొదటిది ఋణాదానం, రెండవది నిక్షేపం. అప్పు, నమ్మి దాచిన సొమ్ము - ఈ రెండే జాబితాకు తలమానికాలు. యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారాధ్యాయం ఈ విషయాలను మరింత క్రమబద్ధం చేసింది. దానికి కల్యాణి చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుని కాలంలో విజ్ఞానేశ్వరుడు మితాక్షర అనే వ్యాఖ్య వ్రాశాడు. పదమూడవ శతాబ్దంలోనే తిక్కన సోమయాజికి సమకాలికుడైన కేతన ఆ శాస్త్రాన్ని తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. కనుక ఈ విచారణ సంస్కృత పండితుల సొత్తు మాత్రమే కాదు. ఏడు వందల ఏండ్లకు పైగా తెలుగువారి ఇంటి విద్య కూడా.

ముందుగా పూచీ సంగతి చూద్దాం. మనం వాడే హామీ, జామీను అనే మాటలు అరబీ, ఫారసీల నుండి వచ్చినవి. పూచీ మన మాట. సంస్కృతంలో పూచీదారుకు 'ప్రతిభువు' అని పేరు. ఒకరికి ప్రతిగా నిలిచేవాడని అర్థం. యాజ్ఞవల్క్యుడు ప్రతిభువులు మూడు విధాలన్నాడు. మొదటివాడు దర్శన ప్రతిభువు. 'ఈ మనిషిని పిలిచినప్పుడు తెచ్చి మీ ఎదుట నిలబెడతాను' అనేవాడు. నేటి కోర్టులలో జామీనుదారు చేసే పని దాదాపు ఇదే. రెండవవాడు ప్రత్యయ ప్రతిభువు. 'ఇతడు నమ్మదగినవాడు, మోసగాడు కాడు' అని చెప్పేవాడు. మూడవవాడు దాన ప్రతిభువు. 'ఇతడు ఇవ్వకపోతే నేను ఇస్తాను' అనేవాడు.

మొదటి ఇద్దరి మాట అబద్ధమైతే వారే చెల్లించాలి. ఆ భారం వారి కుమారులపై పడదు. మూడవవాడు మరణిస్తే మాత్రం అతని కుమారులు కూడా చెల్లించాలని స్మృతి. ముగ్గురూ నమ్మకం గురించే మాట ఇచ్చారు. అయినా ఒకరి మాట ఒక తరంతో ఆగింది, మరొకరి మాట రెండవ తరాన్ని తాకింది. పూచీదారులు పలువురైతే తలా ఒక భాగం భరిస్తారు. కాని వారు 'ఏకచ్ఛాయాశ్రితులు' అయితే, అంటే అందరూ ఒకే నీడలో నిలిచినట్లు మొత్తం అప్పుకు కట్టుబడితే, అప్పిచ్చినవాడు తన ఇష్టం వచ్చినవాని వద్ద మొత్తం రాబట్టుకోవచ్చు. నేటి దస్తావేజులలో 'ఉమ్మడిగాను, విడివిడిగాను బాధ్యులం' అని వ్రాసే వాక్యం అదే.

ఇక ఇప్పటి చట్టం. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలో 126వ సెక్షను హామీని నిర్వచించింది. 128వ సెక్షను ప్రకారం, ఒప్పందంలో వేరుగా వ్రాసుకోకపోతే, హామీదారు బాధ్యత అసలు ఋణగ్రస్తుని బాధ్యతతో సమానం. అంటే బ్యాంకు అప్పుకు హామీ సంతకం పెట్టినవారు శాస్త్ర పరిభాషలో దాన ప్రతిభువులు. కాని మన ఇళ్లలో జరిగేది ఏమిటి? మేనల్లుడు వస్తాడు, తోటి ఉద్యోగి వస్తాడు. 'ఊరికే ఒక సంతకం, మీరు నాకు తెలిసినవారని చెప్పడానికే' అంటాడు. అడిగేవాడు ప్రత్యయ ప్రాతిభావ్యం అడుగుతున్నట్లు మాట్లాడతాడు. కాగితం దాన ప్రాతిభావ్యం వ్రాయించుకుంటుంది. సంతకం చేసినవాడు 'నేను అతని మంచితనానికి కదా సాక్షి' అనుకుంటాడు. నోటీసు వచ్చిననాడు తన విశ్రాంత వేతనం, తన ఇల్లు ఆ మంచితనానికి వెల అయినాయని తెలుసుకుంటాడు. అతడు చెడ్డవాడు కాదు. మూడు మాటలను ఒక మాట అనుకున్నాడు, అంతే.

కనుక పూచీ పడవద్దని నేను చెప్పను. ఒకరికి ఒకరు పూచీ పడకపోతే లోకం నడవదు. ఏ పూచీ పడుతున్నామో ఇంటిల్లిపాదికీ తెలియజేసి పడమని చెబుతాను. పూచీ పుచ్చుకున్నవారికి కూడా ఒక మాట. పూచీదారు నలుగురి ఎదుట అప్పు తీర్చవలసి వస్తే, అసలు ఋణగ్రస్తుడు అతనికి రెట్టింపు ఇచ్చి తీరాలన్నాడు యాజ్ఞవల్క్యుడు. నేటి చట్టం రెట్టింపు అనదు. అయినా న్యాయంగా చెల్లించిన మొత్తాన్ని ఋణగ్రస్తుని నుండి రాబట్టుకొనే హక్కును 145వ సెక్షను ఇచ్చింది. నీ కోసం నిలిచినవానిని నష్టపరచడం మామూలు అప్పు ఎగవేతకన్న పెద్ద తప్పు అని స్మృతి హృదయం.

తండ్రి అప్పు విషయమూ చెప్పాలి. తండ్రి అప్పు కొడుకు తీర్చాలన్నది ధర్మమే. కాని మద్యానికి, జూదానికి, కామానికి చేసిన అప్పులను, చెల్లించకుండా మిగిల్చిన దండన సొమ్మును, వ్యర్థ దానాల బాకీని కొడుకు తీర్చనక్కరలేదని యాజ్ఞవల్క్యుడే మినహాయించాడు. 2005 నాటి హిందూ వారసత్వ సవరణ చట్టం మరొక అడుగు వేసింది. ఆ చట్టం వచ్చిన తరువాత తండ్రి చేసిన అప్పుకు, పుత్ర ధర్మమనే ఒక్క కారణంపై, కొడుకును న్యాయస్థానం బాధ్యుని చేయదు. చట్టం విడిచినంత మాత్రాన ధర్మం విడిచిందని అనుకోరాదు. చట్టం చేయి పట్టి చెల్లింపజేస్తుంది. ధర్మం మనసు పట్టి చెల్లింపజేస్తుంది.

రెండవ విషయం నిక్షేపం. అమరకోశం చదివిన విద్యార్థికి ఉపనిధి, న్యాసం అనేవి పర్యాయపదాలు. వ్యవహారంలో అవి వేరు. వస్తువు ఏమిటో చెప్పకుండా, పెట్టెలో ముద్ర వేసి అప్పగిస్తే అది ఉపనిధి. ఎదురుగా, వివరం చెప్పి అప్పగిస్తే నిక్షేపం. ఇంటి యజమాని లేనప్పుడు 'ఆయన వచ్చాక ఇవ్వండి' అని ఇంటివారి చేతిలో పెడితే న్యాసం. పెళ్లికో పేరంటానికో అడిగి తెచ్చుకున్న నగ యాచితకం. ఒకరి వద్ద ఉన్న పరాయి వస్తువును 'దీనిని సొంతదారుకు చేర్చు' అని మరొకరి చేతిలో పెడితే అన్వాహితం. మితాక్షర ఈ భేదాలను చాల స్పష్టంగా చూపింది.

వీటన్నిటికీ సూత్రం ఒక్కటే. పుచ్చుకున్నది పుచ్చుకున్నట్లే తిరిగి ఇవ్వాలి. ముద్ర వేసి ఇస్తే ముద్రతోనే ఇవ్వాలి. రాజు వల్ల, దైవం వల్ల, దొంగల వల్ల పోతే దాచినవాని తప్పు లేదు. కాని సొంతదారు వచ్చి అడిగిన తరువాత ఇవ్వక, ఆ పైన పోతే, దాని విలువ చెల్లించాలి. అంతే మొత్తం దండనగా కూడా కట్టాలి. అనుమతి లేకుండా ఆ సొమ్మును వాడుకొని లాభపడితే వడ్డీతో సహా ఇవ్వాలి, దండన వేరు. చూడండి, పోయిందా లేదా అన్నది కాదు ప్రశ్న. నీ చేతిలో ఉన్నంతసేపు దానిని పరాయిదిగా చూశావా లేదా అన్నది ప్రశ్న. కుదువ విషయంలోనూ ఇదే నీతి. దాచవలసిన తాకట్టు వస్తువును అప్పిచ్చినవాడు వాడుకుంటే అతనికి వడ్డీ రాదని స్మృతి.

మూడవది వాగ్దానం. ఇస్తానన్నదాన్ని ఇవ్వాలి, ఇచ్చినదాన్ని తిరిగి లాక్కోరాదు. యాజ్ఞవల్క్యుడు ఈ రెంటినీ ఒకే చోట చెప్పాడు. అయితే దానికి ముందు ఒక హద్దు గీశాడు. తన సొమ్మును, అదీ కుటుంబానికి విరోధం కలగని మేరకే ఇవ్వాలి. నారదస్మృతి ఇంకొంచెం ముందుకు వెళ్లి, ఇవ్వరానివి ఎనిమిది అని లెక్కించింది. తన వద్ద ఇతరులు దాచిన నిక్షేపం, అరువు తెచ్చిన వస్తువు, తాకట్టు వస్తువు, ఉమ్మడి ఆస్తి, సంతానం ఉండగా సర్వస్వం, అప్పటికే మరొకరికి మాట ఇచ్చిన వస్తువు అందులోనివి. దాతలు దీనిని గుర్తుంచుకోవాలి. అన్నదమ్ముల ఉమ్మడి సొమ్ము తెచ్చి ఒకరి పేరున హుండీలో వేస్తే, భార్యకు తెలియకుండా ఆమె నగ అమ్మి మొక్కు తీరిస్తే, ఇచ్చినవాడు దాత కాడు. భగవంతుని పేరు చెప్పుకొని పరధనాన్ని ఇచ్చినవాడవుతాడు.

భద్రాచల రామదాసు కథ మనందరికీ తెలుసు. తానీషా కొలువులో పాల్వంచ తహసీలుదారైన కంచర్ల గోపన్న సర్కారు సొమ్ముతో ఆలయ కైంకర్యం చేశాడని, గోలకొండలో చెరపడ్డాడని, చివరకు రామలక్ష్మణులే వచ్చి ఆ పైకం చెల్లించి రసీదు పుచ్చుకున్నారని సంప్రదాయం. ఈ కథలో భక్తి ఎంత ఉన్నదో వ్యవహార ధర్మమూ అంత ఉన్నది. కట్టినది తన గుడే అయినా, చేసినవాడు తన పరమభక్తుడే అయినా, ఆ సొమ్ము బాకీ కాదని స్వామి అనలేదు. పూర్తిగా చెల్లించాడు. చెల్లించి ఊరుకోలేదు, రసీదు కూడా తీసుకున్నాడు. దేవుని పని అయినంత మాత్రాన లెక్క రద్దు కాదని చెప్పడానికి ఇంతకన్న గొప్ప కథ ఏది?

ఇక నలుగురిలో 'నేను ఇంత ఇస్తాను' అని ప్రకటించి ఇవ్వకపోతే చట్టం ఏమంటుంది? కాంట్రాక్టు చట్టం 25వ సెక్షను ప్రకారం, ప్రతిఫలం లేని వాగ్దానం కొన్ని మినహాయింపులు తప్ప చెల్లదు. 1886లో కలకత్తా ఉన్నత న్యాయస్థానం ముందుకు హౌరా పురమందిరం చందా వ్యాజ్యం వచ్చింది. ఒకరు నూరు రూపాయలు ఇస్తానని సంతకం చేశారు. ఆ చందాల జాబితాను నమ్మి నిర్వాహకులు గుత్తేదారుతో నిర్మాణ ఒప్పందం చేసుకున్నారు. మాటను నమ్మి వారు బరువు తలకెత్తుకున్నారు కనుక, చందా ఇవ్వవలసిందేనని తీర్పు వచ్చింది. తరువాత 1930లలో మద్రాసు ఉన్నత న్యాయస్థానం ముందుకు ఒక ఆలయ జీర్ణోద్ధరణ చందా వివాదం వచ్చింది. అక్కడ పని ముందే మొదలైంది, ఆ తరువాత చందా వ్రాశారు. ఈ మాటను నమ్మి కొత్తగా చేసినది ఏమీ లేదు కనుక వసూలు చేయలేరని తీర్పు. రెండూ వాగ్దానాలే. ఒకటి నిలిచింది, ఒకటి నిలవలేదు. నీ మాటను నమ్మి మరొకడు అడుగు వేశాడా అన్నదే భేదం.

మొక్కు సంగతి ఇంకా సూక్ష్మం. పసుపు గుడ్డలో ముడుపు కట్టినప్పుడు పుచ్చుకునేవాని ఎదుట ఒప్పందం లేదు, సాక్షి లేడు, కాగితం లేదు. ఏ న్యాయస్థానమూ దానిని వసూలు చేయదు. అందుకే అది అన్నిటికన్న గట్టి మాట అంటాను. అడిగేవాడు లేనప్పుడు కూడా నిలిచే మాటే మనిషి స్వభావాన్ని చూపుతుంది. ముడి వేసిన క్షణం నుండి ఆ సొమ్మును మనం స్వామి నిక్షేపంగా భావించాలి. అవసరం వచ్చిందని అందులో నుండి తీసి వాడుకుంటే, అది దాచిన సొమ్మును వాడుకోవడమే. అలాగే తాహతుకు మించిన మొక్కు మొక్కరాదు. కుటుంబానికి విరోధం లేని దానమే దానమని శాస్త్రమే చెప్పింది కదా. పిల్లల చదువు ఆపి తీర్చే మొక్కును స్వామి కోరడు.

చివరిది, ఈ ప్రాంగణానికి అతి దగ్గరిది, న్యాసం. మన తెలుగునాట ఆలయ శాసనాలలో అఖండదీప దానాలు ఎన్నో కనిపిస్తాయి. ఒక దాత దీపం కోసం యాభై గొఱ్ఱెలనో, కొన్ని ఆవులనో ఇస్తాడు. వాటిని ఒక బోయ పుచ్చుకుంటాడు. పుచ్చుకొని, తానూ తన పుత్రపౌత్రులూ ఆచంద్రార్కం నిత్యం మానెడు నెయ్యి దీపానికి పోయగలమని ఒప్పుకుంటాడు. ఆ ఏర్పాటును పరిశీలించండి. గొఱ్ఱెలు బోయ చేతిలో ఉన్నాయి, అతడే మేపుతాడు, మంద పెరుగుతుంది, అతని జీవనమూ సాగుతుంది. కాని అవి దీపానికి కట్టుబడిన సొమ్ము. నెయ్యి దేవునిది, వెలుగు ఊరందరిది. ఇచ్చినవాడు ఒకడు, నిర్వహించేవాడు ఒకడు, ఫలం పొందేవారు మరొకరు. ఆ గొఱ్ఱెల కాపరి నేటి మాటలో ఒక ధర్మకర్త.

1882 నాటి భారత ట్రస్టుల చట్టం ట్రస్టును నిర్వచిస్తూ, ఆస్తి స్వామ్యానికి అంటుకొని ఉండే బాధ్యత అన్నది. ఒకరు ఉంచిన విశ్వాసాన్ని మరొకరు అంగీకరించడం వల్ల అది పుడుతుంది. అయితే మతపరమైన, ధార్మికమైన దేవాదాయాలకు ఆ చట్టం వర్తించదు. మన రాష్ట్రంలో వాటికి 1987 నాటి ధార్మిక, హిందూ మత సంస్థల, దేవాదాయాల చట్టం వేరుగా ఉన్నది. 1921లో ప్రీవీ కౌన్సిలు ఒక మఠం వ్యాజ్యంలో ఒక ముఖ్యమైన భేదం చెప్పింది. ఇంగ్లీషు చట్టంలో ట్రస్టీకి ఆస్తి దఖలు పడుతుంది. మన మఠాధిపతికి, ఆలయ నిర్వాహకునికి ఆస్తి దఖలు పడదు. అతడు నిర్వాహకుడు మాత్రమే. అయినా దుర్వినియోగానికి మాత్రం ట్రస్టీ వలెనే జవాబుదారీ. అంటే స్వామ్యం లేదు, బాధ్యత పూర్తిగా ఉన్నది.

మరి స్వామ్యం ఎవరిది? దేవునిదంటాం. మీమాంసా భాష్యకారుడైన శబరస్వామి, 'దేవగ్రామం, దేవక్షేత్రం' అన్న మాటలు ఔపచారికమన్నాడు. దేవత మనవలె తన ఇష్టానుసారం సొమ్మును వినియోగించుకోదు కదా అని ఆయన తర్కం. 1956లో సర్వోన్నత న్యాయస్థానం దేవకీనందన్, మురళీధర్ వ్యాజ్యంలో ఈ మాటను ఆధారం చేసుకొనే తీర్పు చెప్పింది. మూర్తి స్వామ్యం భావరూపమైనది, దేవాలయ ధర్మం వల్ల నిజంగా ప్రయోజనం పొందేవారు ఆరాధకులే అని. స్వామి సొమ్ము దుర్వినియోగమైతే స్వామికి లోటు లేదు. లోటు ఈ వరుసలో నిలుచున్న యాత్రికునికి, మధ్యాహ్నం అన్నప్రసాదం కోసం చేయి చాచిన బాటసారికి.

కనుక రసీదుపై నిమిత్తం వ్రాసుకున్నాక దాతకు ఒక బాధ్యత, పుచ్చుకున్నవారికి ఒక బాధ్యత. దాత ఇచ్చినదాన్ని తనదిగా భావించరాదు. 'నా డబ్బుతో కట్టిన మంటపం' అని అధికారం చలాయించేవాడు ఇచ్చినదాన్ని మనసులో తిరిగి లాక్కుంటున్నాడు. కాని 'ఏ నిమిత్తం ఇచ్చానో ఆ నిమిత్తానికే వెళ్లిందా' అని అడగడం అధికారం కాదు, అనుమానమూ కాదు. అది ధర్మం. అడిగినప్పుడు చూపడం నిర్వాహకుల ధర్మం. అడగకముందే చూపడం ఉత్తమం. అన్నదాన నిధి మీద వచ్చిన ఆదాయం అన్నానికే వెళ్లాలి. గోశాల సొమ్ముతో తోరణాలు కట్టరాదు, తోరణాలు కూడా స్వామికే అయినా సరే.

దీనికి ఆదర్శం భరతుడు. నందిగ్రామానికి వెళుతూ, ఈ రాజ్యం అన్నగారు తన వద్ద ఉంచిన న్యాసమని చెప్పాడు. పాదుకలకు పట్టం కట్టి పద్నాలుగు సంవత్సరాలు పాలించాడు. శ్రీరాముడు తిరిగి వచ్చిననాడు భరతుడు మొదట చేసిన పనులలో ఒకటి లెక్క చెప్పడం. కోశం, కోష్ఠాగారం, పురం, బలం చూడమన్నాడు. మీ తేజస్సు వలన అన్నీ పదింతలు చేశానన్నాడు. అడిగిన వెంటనే ఇచ్చాడు అనడానికి వీలు లేదు. రాముడు అడగనే లేదు. అడగకముందే, పెంచి, లెక్కతో అప్పగించాడు. ఆ పదింతలలో ఒక్క వంతైనా తనదని అనలేదు.

నిక్షేపానికి ధర్మశాస్త్రం ఇచ్చిన నిర్వచనాలన్నీ చదివినా బోధపడని విషయం భరతుని వద్ద బోధపడుతుంది. చేతిలో ఉన్నది నాది కాదు, కాని దాని క్షేమం నాది. పూచీ పడినప్పుడు, మాట ఇచ్చినప్పుడు, ముడుపు కట్టినప్పుడు, ఆలయ బాధ్యత పుచ్చుకున్నప్పుడు ఆ ఎఱుక మనకు కలుగుగాక.

స్వస్తి. సర్వే జనాః సుఖినో భవంతు.